ఊరి మురుగు చెరువును చేరకముందే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పల్లెల్లోని మురుగునీటి గురించే ఉన్నాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగంలో చాలా ఏళ్లు ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఇంటింటికీ నల్లా వేయడానికి మేము పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా ఆ నీళ్లు వాడకం తర్వాత ఎటు పోతాయన్న దాని మీద పెట్టలేదన్న బాధ నాకు ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా గ్రామ జనాభా 1,600. మిషన్ భగీరథ నల్లాలు వచ్చిన తర్వాత వీధి కాలువల్లో ఏడాది పొడవునా నీళ్లు పారుతున్నాయి. అవన్నీ ఊరి కింది చెరువులో కలుస్తున్నాయి. చెరువంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. ఈమధ్య ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, ఇనుప ట్యాంకులో బిగించిన అడ్వాన్స్‌డ్ ట్రీట్‌మెంట్ ప్లాంటు పెడితే నీళ్లు తాగేంత శుభ్రంగా బయటికి వస్తాయని చెప్పారు. పంచాయతీ దాన్ని కొనవచ్చునా?
— ఒక సర్పంచ్, నల్లగొండ జిల్లా

జవాబు: సర్పంచ్ గారూ, యంత్రం సంగతి తర్వాత చూద్దాం. ముందుగా తేల్చుకోవలసింది శుద్ధి చేసిన నీళ్లు ఎక్కడికి చేరతాయన్నది, ఎందుకంటే శుద్ధి ఎంత దూరం సాగాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మురుగు శుద్ధిలో మొదటి అంచె బరువైన మడ్డిని అడుగుకు దిగనిచ్చి తీసేయడం. రెండో అంచె నీటిలో కరిగి ఉన్న కుళ్లును సూక్ష్మజీవుల చేత తినిపించడం. ఆ తర్వాత మిగిలే నత్రజనిని, భాస్వరాన్ని, రోగక్రిములను తగ్గించే మూడో అంచెనే మీ దగ్గరికి వచ్చిన ప్రతినిధి అడ్వాన్స్‌డ్ అంటున్నారు. నీళ్లు నేరుగా పశుగ్రాసపు మడులకు పోయేటట్లయితే నత్రజని, భాస్వరం పైరుకు ఎరువే కాబట్టి వాటిని తీసేయడానికి డబ్బు ఖర్చు చేయడం అర్థం లేని పని. మీ ఊళ్లో అవి చెరువులోకి పోతున్నాయి, కనుక మూడో అంచె మీకు నిజంగానే అవసరం.

ఎంత అవసరమో ఒక చిన్న లెక్క చెబుతాను. మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్న లెక్కతో రూపొందింది. అందులో సుమారు 80 శాతం మురుగుగా మారుతుందన్నది మేము డిజైన్లలో వాడే అంచనా. ఆ ప్రకారం మీ ఊరి నుంచి రోజుకు 1,28,000 లీటర్ల మురుగు బయలుదేరుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల భాస్వరం ఉందనుకుంటే, రోజుకు 640 గ్రాముల భాస్వరం చెరువులో పడుతున్నట్టు. ఒక కిలో భాస్వరం, మిగతా పోషకాలు కూడా అందితే, ఎండు బరువులో సుమారు 100 కిలోల నాచును పెంచగలదు. మీ చెరువులోని గుర్రపుడెక్కను ఏటా జేసీబీ పెట్టి తీయించినా మళ్లీ అంతే వేగంగా అల్లుకోవడానికి కారణం ఇదే. దాని మేత ప్రతి రోజూ ఇళ్ల నుంచి కాలువలో నడిచి వస్తున్నది.

ఇక యంత్రం సంగతి. మురుగులోకి గాలి ఊది సూక్ష్మజీవులను పెంచే ఈ పద్ధతిని ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు 1914లో లోకానికి తెలియజేశారు. అది గొప్ప పద్ధతి, నగరాలు దాని మీదే బతుకుతున్నాయి, ఆ మాటలో నాకు సందేహం లేదు. అయితే ఆ ట్యాంకులో ఉండేది ప్రాణమున్న మంద. పాడి పశువుకు మేత, నీళ్లు ఎలా తప్పవో, ఆ మందకు రేయింబవళ్లు గాలి అలా తప్పదు. ఘనమీటరు మురుగుకు ఒక యూనిట్ కరెంటు అనుకున్నా మీకు రోజుకు 128 యూనిట్లు, నెలకు 3,800 యూనిట్లకు పైగా కావాలి. గాలి ఊదే బ్లోయర్ కాలిపోయి రెండు రోజులు గాలి అందకపోతే ట్యాంకు కుళ్లిపోతుంది. అందులోనూ అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు చాలా నిదానంగా పెరిగే జాతి కాబట్టి అవి మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది.

నా ఉద్యోగకాలంలో ఒక ఊళ్లో ఇటువంటి ప్లాంటును ప్రారంభించాము. మొదటి వేసవిలోనే బ్లోయర్ మోటారు కాలింది. దాన్ని రీవైండింగుకు పట్నం పంపారు, బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర కాగితాలు ఆగిపోయాయి, ఈలోగా మురుగు వీధుల్లోకి ఎగదన్నకుండా పక్క నుంచి ఒక కాలువ తవ్వి నేరుగా చెరువులోకి వదిలారు. నేను రెండేళ్ల తర్వాత వెళ్లి చూసినప్పుడు ఆ పక్క కాలువే అసలు కాలువ అయిపోయింది, ట్యాంకు లోపల జిల్లేడు మొలిచింది. ఆ ప్లాంటును పంచాయతీకి అప్పగించిన కాగితం మీద నా సంతకం కూడా ఉంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ ఊరికి నేను చెప్పగలిగే దారి ఇది. మొదట కాలువలోకి వచ్చే నీటినే తగ్గించండి. మన పల్లెల్లో చాలా నల్లాలకు బిరడాలు ఉండవు. నీళ్లు వదిలినంతసేపూ మంచినీళ్లే మురికికాలువలో పారుతుంటాయి. వాటిని బిగించడం కన్న చౌకైన మురుగు శుద్ధి మరొకటి లేదు. ఆ తర్వాత పెరడు ఉన్న ప్రతి ఇంటికీ వంట, స్నానం, బట్టల నీళ్ల కోసం ఇంకుడు గుంత తవ్వించండి, దానికి ఉపాధి హామీ పథకంలో వీలు ఉంటూ వచ్చింది. అయితే మీ జిల్లాలో ఎర్రనేల, దుబ్బనేల, నల్లరేగడి మూడూ ఉన్నాయి. ఎర్రనేలలో ఇంకినట్టు రేగడిలో ఇంకదు. గుంత తవ్వి, గోడలు బాగా నానేదాకా నీళ్లు పోసి, మళ్లీ నింపి నీటిమట్టం గంటకు ఎంత దిగుతోందో కొలిచి చూడకుండా ఊరంతటికీ ఒకే కొలత గుంతలు మంజూరు చేస్తే, రేగడి వీధిలో అవి దోమల తొట్లు అవుతాయి.

ఇంకకుండా మిగిలే నీటికి కాలువ చివర, చెరువు శిఖం భూమికి, అంటే చెరువు నిండితే మునిగే నేలకు, బయట, వరుసగా జాలీ, మడ్డి పేరే తొట్టి, కంకర మడి, చివర లోతు తక్కువ కుంట ఏర్పాటు చేయాలి. కంకర మడి అంటే అడుగున నీళ్లు ఇంకకుండా పరిచి, రెండడుగుల మందాన కంకర పోసి, అందులో జమ్ము, మెట్టతామర నాటిన మడి. మురుగు కంకర పైకి కనబడకుండా లోపల్లోపలే నడుస్తుంది, కాబట్టి వాసన, దోమలు ఉండవు. ఈ మొక్కల మడుల మీద 1950ల్లో జర్మనీలో కేథే సైడెల్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు మొదలుపెట్టారు. మన దగ్గర పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లెల మురుగుకు జమ్మును, మెట్టతామరను వాడి చూపించారు. శుద్ధిలో మొక్కల పని కొంతే, ఎక్కువ భాగం కంకర రాళ్లను అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులది.

మనిషికి రెండు చదరపు మీటర్ల చొప్పున లెక్క వేస్తే మీకు 3,200 చదరపు మీటర్లు, అంటే సుమారు 32 గుంటల స్థలం కావాలి. సగం ఇళ్ల నీళ్లు ఇంకుడు గుంతలకు మళ్లితే 16 గుంటలు చాలు. ఇందులో మరుగుదొడ్ల నీళ్లు కలవకూడదు, ఆ మాట కింద మరో జవాబులో చెబుతాను. నత్రజని పోవాలంటే మడిలో కొంత భాగానికి గాలి బాగా తగలాలి, కొంత భాగానికి అసలు తగలకూడదు. గాలి ఉన్నచోట అమ్మోనియా నైట్రేట్ అవుతుంది, గాలి లేనిచోట నైట్రేట్ నత్రజని వాయువై ఎగిరిపోతుంది. అందుకని మొదటి మడిలో నీటిని పై నుంచి విడతలు విడతలుగా పోసి కిందికి దించాలి, రెండో మడిలో అడ్డంగా నిదానంగా నడపాలి. భాస్వరం అలా ఎగిరిపోదు. అది కంకరకు అంటుకోవాలి లేదా మొక్కలో చేరాలి, కాబట్టి జమ్మును ఎప్పటికప్పుడు కోసి మడి బయటికి తీసుకుపోవాలి. కోయకుండా అక్కడే ఎండి పడిపోనిస్తే పీల్చుకున్నదంతా తిరిగి నీళ్లలోకే వస్తుంది. కోసినా మొక్కలు తీసుకుపోయేది కొంతే, కంకర పట్టుకునే శక్తి కూడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే వీలైనంత నీటిని చెరువుకు పంపకుండా గడ్డి మడులకు మళ్లించడమే భాస్వరానికి అసలైన మందు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండో దశ మార్గదర్శకాల్లో 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు వాడుకనీటి నిర్వహణ కోసం మనిషికి 280 రూపాయల వరకు అన్నారు. మీ ఊరికి అది 4,48,000 రూపాయలు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో కూడా ఒక వాటాను పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టుబాటు పెట్టారు. ఈ సొమ్ముతో యంత్రం రాదు, దాని కరెంటు బిల్లు అసలే రాదు. ఇంకుడు గుంతలు, జాలీలు, మడ్డి తొట్టి, విడతలుగా మడులు వస్తాయి.

ఈ మొత్తంలో ఊరివాళ్ల చేతిలో ఉండే భాగం జాలీ. ఒకసారి పొద్దున ఏడింటికి వెళ్లి కాలువ చివర జాలీ దగ్గర కూర్చుని చూడండి. షాంపూ ప్యాకెట్లు, తల వెంట్రుకల ఉండలు, కుంకుడు పిప్పి, అన్నం మెతుకులు, వాటన్నిటినీ అతికించే తెల్లటి సబ్బు జిడ్డు కనబడతాయి. ఒక్క రోజు తీయకపోతే నీళ్లు జాలీ మీది నుంచి పొర్లుతాయి, వారం తీయకపోతే ఆ జిడ్డు కంకర మడిలోకి చేరి రాళ్ల సందులు మూసుకుంటాయి. కంకర తీసి కడిగి మళ్లీ పోయడం మడి కట్టినంత ఖర్చు. కాబట్టి మడికి కొబ్బరికాయ కొట్టే రోజుకు ముందే, జాలీలోని చెత్త తీసే మనిషి ఎవరు, ఆయన జీతం ఏ పద్దు నుంచి, ఆయన సెలవు పెడితే ఎవరు అన్న మూడు విషయాలు గ్రామసభ తీర్మానంలో రాయించండి. చేతి తొడుగులు, గమ్ బూట్లు, పొడుగు పిడి పార ఆ తీర్మానంలోనే ఉండాలి.

వానాకాలం సంగతి మరవకండి. మీ వీధి కాలువల్లో వాననీళ్లు కూడా పారతాయి. ఒక్క పెద్ద వాన మడిని మట్టితో కప్పేయగలదు. జాలీకి ముందే, మామూలు మట్టం దాటిన వరద పక్కకు పొర్లిపోయేలా చిన్న అలుగు కట్టించండి.

ఆ కంపెనీ ప్రతినిధి మళ్లీ వస్తే ఒక్క మాట అడగండి. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మీవంటి ప్రాంతాల్లో శుద్ధి చేసిన మురుగులో బీఓడీ, అంటే కుళ్లు కొలత, లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో మలసంబంధ కోలిఫాంలు అనే సూక్ష్మజీవులు 1,000 లోపు ఉండాలి. అయిదేళ్లపాటు ఆ కొలతలు దాటకుండా చూస్తామని, కరెంటుతో సహా నిర్వహణ తమదేనని రాసిస్తారేమో అడగండి. తాగేంత శుభ్రం అన్న మాటను మాత్రం ఏ పల్లెలోనూ నమ్మవద్దు.

ప్రశ్న: కాలువ నీళ్లను మోటారుతో తోడి కూరగాయలు, వరి పండించుకోవచ్చా? నీళ్లు ఏడాదంతా ఉంటాయి, యూరియా ఖర్చు కూడా తగ్గుతుందని మా బాబాయి అంటున్నాడు.
— ఒక యువరైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ బాబాయి గారు చెప్పింది నిజమే, అయితే ఆ నిజానికి హద్దులు ఉన్నాయి. హైదరాబాద్ దిగువన మూసీ వెంట పారాగడ్డి పెంచి పాల పశువుల వాళ్లకు అమ్ముకుంటూ ఎన్నో కుటుంబాలు బతికిన సంగతి మీ జిల్లాలో అందరికీ తెలుసు. గడ్డికి ఈ నీళ్లు సరిపోతాయి. వరికి నత్రజని ఎక్కువైతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, కోత ఆలస్యమవుతుంది, తాలు పెరుగుతుంది. అందుకని మురుగునీటితో పాటు మామూలుగా వేసే యూరియా కూడా వేయకూడదు. పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లికాడ, ముల్లంగి, టమాటాలకు మాత్రం శుద్ధి చేయని నీళ్లు ఒక్క తడి కూడా వద్దు.

భయపడవలసింది కంటికి కనబడని నులిపురుగుల గుడ్ల గురించి. అవి బ్లీచింగుకు లొంగవు, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి. కానీ బరువు ఎక్కువ కాబట్టి కదలని నీటిలో అడుగుకు దిగిపోతాయి. వరుస కుంటల్లో నీళ్లు ఎనిమిది నుంచి పది రోజులు నిలిస్తే గుడ్లు దాదాపు పూర్తిగా అడుగుకు చేరిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. ఎండ బాగా తగిలే లోతు తక్కువ కుంటలో పగటిపూట నాచు నీటి క్షారగుణాన్ని పెంచుతుంది, దానికి ఎండ తోడై క్రిములను చంపుతుంది. పది గుంటల స్థలం వదులుకోగలిగితే మీకు ఖర్చు లేని క్లోరిన్ అదే. చాళ్లలో పారించండి, స్ప్రింక్లర్ వాడవద్దు. మడిలోకి ఒట్టి కాళ్లతో దిగవద్దు, కొంకిపురుగు పాదాల చర్మం గుండానే లోపలికి పోతుంది.

ప్రశ్న: మా వీధిలో అందరూ సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని నేరుగా మురికికాలువలోకే వదిలారు. ట్యాంకులోనే శుద్ధి అయిపోతుంది కదా అంటున్నారు. మా ట్యాంకు నిండి పదేళ్లయింది; లోపలికి దిగి శుభ్రం చేసే మనుషులు ఉన్నారని మావారు వెతుకుతున్నారు. బజారులో దొరికే పొడి వేస్తే సరిపోతుందా?
— ఒక గృహిణి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ఎవరినీ లోపలికి దింపవద్దని ముందు మీవారికి చెప్పండి. మూత తీసిన ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పేరుకుని ఉంటుంది. మొదటి క్షణంలో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయింది కదా అనుకుని దిగినవాడు ఒకటి రెండు శ్వాసల్లో కూలిపోతాడు, అతణ్ణి పైకి లాగడానికి దిగినవాడు కూడా అతని మీదే పడిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం, దింపించిన ఇంటివారు కూడా బాధ్యులవుతారు. ఇటువంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. పోయిన ప్రాణం అంతకు కూడా తిరిగి రాదు. గొట్టంతో తోడే ట్యాంకరు బండిని పిలిపించండి, రెండు మూడేళ్లకొకసారి తోడించండి. పొడి అక్కర లేదు. ట్యాంకుకు కావలసిన సూక్ష్మజీవులు రోజూ మరుగుదొడ్డి నుంచి వస్తూనే ఉంటాయి.

ట్యాంకులోనే శుద్ధి అయిపోతుందన్న మాట మీ వీధిలోనే కాదు, రాష్ట్రమంతటా ఉంది. సెప్టిక్ ట్యాంకు చేసేది మడ్డిని అడుగుకు దిగనివ్వడం, కుళ్లులో సుమారు సగం తగ్గించడం మాత్రమే. బయటికి వచ్చే నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా టైఫాయిడ్, కామెర్లు, విరేచనాల క్రిములన్నీ అందులో ఉంటాయి. అవి ఇంకుడు గుంతలోకి పోవాలి. గుంత అడుగుకు భూగర్భ నీటిమట్టం కనీసం రెండు మీటర్ల కింద ఉండాలి, మంచినీటి బావికి, చేతిపంపుకు కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. డెల్టాలో నీళ్లు చేతికందే లోతులోనే ఉంటాయి కాబట్టి గుంత లోతు మీకు కుదరదు. నేల మట్టానికి పైకి లేపి కట్టిన ఇసుక, కంకర మడి గానీ, నాలుగైదు ఇళ్లు కలిసి వేసుకునే కంకర మొక్కల మడి గానీ మీకు తగినది. ట్యాంకరు తోడిన మడ్డిని పంట బోదెలో పారబోయకుండా చూడండి. బెంగళూరు విమానాశ్రయం పక్కన దేవనహళ్లిలో 2015లో మొదలైన కేంద్రంలో ఆ మడ్డిని ఆరబెట్టి, చెత్తతో కలిపి ఎరువు చేస్తున్నారు. చుట్టుపక్కల పది ఊళ్లు కలిసి సమీప పురపాలక సంఘాన్ని అటువంటి కేంద్రం అడగవచ్చు.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి వాళ్ల ఇల్లు ఊరికి దూరంగా ఉంది. ఇంటి వెనక పచ్చిక కింద సెప్టిక్ ట్యాంకు, గొట్టాలు ఉన్నాయి. వాసన లేదు, కాలువ లేదు. మనం అదే ఎందుకు చేయకూడదు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: చేయవచ్చు, స్థలం ఉంటే. అమెరికాలో సుమారు ఐదు ఇళ్లకు ఒకటి ఆ పద్ధతి మీదే ఆధారపడింది. ఇంటికి అర ఎకరం పెరడు, నీళ్లు ఇంకే నేల, తవ్వకముందే నేల పరీక్ష దాని వెనక ఉన్నాయి. అక్కడ కూడా నత్రజని బెడద తప్పలేదు. ఆ గొట్టాల నీటిలోని నైట్రేట్ భూగర్భంలోకి దిగి చీసపీక్ అఖాతానికి చేరుతోందని గుర్తించి, మేరీలాండ్ రాష్ట్రం 2004లో ప్రజల మీద ఒక రుసుము విధించి, ఆ డబ్బులో కొంత పల్లె ఇళ్ల సెప్టిక్ ట్యాంకులకు నత్రజని తొలగించే పరికరాలు పెట్టడానికి ఇస్తోంది. మన బోరునీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్న ప్రమాణం ఉంది, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న మన వీధుల్లో అందరూ నేలలోకే వదిలితే ఆ గీత త్వరగా దాటుతాము. పసిపిల్లల డబ్బా పాలలో కలిపే నీళ్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం, పరీక్ష చేయించుకున్న తర్వాతే వాడండి.

ప్రశ్న: మా ఊళ్లో రెండేళ్ల కిందట కంకర మొక్కల మడి కట్టారు. అది పనిచేస్తోందో లేదో ప్రయోగశాల లేకుండా మా పిల్లలు తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక సైన్సు ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఉంది మాస్టారూ, పాత పద్ధతే అయినా నమ్మదగినది. మూత గట్టిగా పడే రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాన్ని మడిలోకి వచ్చే నీటితో, రెండోదాన్ని మడి నుంచి బయటికి వచ్చే నీటితో, లోపల గాలి బుడగ మిగలకుండా నింపండి. బడి ప్రయోగశాలలో ఉండే మిథిలీన్ బ్లూ ద్రావణం కొన్ని చుక్కలు రెండింటిలోనూ సమానంగా వేసి, మూత పెట్టి, చీకటి అలమరలో ఉంచండి. నీటిలో కుళ్లు ఎక్కువ ఉంటే సూక్ష్మజీవులు ప్రాణవాయువునంతా వాడేసుకుంటాయి, అప్పుడు నీలం రంగు వెలిసిపోతుంది. వచ్చే నీటి సీసా ఒకటి రెండు రోజుల్లోనే తెల్లబడడం మీరు చూస్తారు. బయటి నీటి సీసా అయిదు రోజులు నీలంగా నిలిస్తే మడి తన పని చేస్తున్నట్టే. నింపేటప్పుడు పిల్లల చేతికి తొడుగులు ఉండాలి, తర్వాత సబ్బుతో చేతులు కడిగించాలి. నెలకొకసారి ఒకే వారం, ఒకే వేళ, పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో నీళ్లు పట్టండి, అప్పుడే ఊరి మురుగు చిక్కగా ఉంటుంది. రంగు ఎన్నో రోజున వెలిసిందో తేదీతో ఒక పుస్తకంలో రాయించి, మూడో రోజుకే వెలిసిపోయిన నెలలో ఆ పుస్తకాన్ని పిల్లల చేతనే పంచాయతీ కార్యదర్శికి పంపించండి. ఆ నెలలో ఎక్కువగా జరిగి ఉండేది జాలీలోని చెత్త తీయకపోవడమే.